బొంతకు గొంతుక్కూర్చోవడం నేర్పిన వైనం

క్షేమ దినం 971

గేటు పక్క బోర్డు మీద అంకె ఈ ఉదయం కూడా నా చేత్తోనే మార్చాను. ప్రమాదం లేని రోజులు 971. పచ్చపందిరి తోటపని కంపెనీలో ఏ భద్రతాధికారీ ఇంతవరకూ ఆరువందలు దాటలేదు. ఇంకో ఇరవై తొమ్మిది రోజులు గడిస్తే, మేడపాటి త్రిమూర్తులు అనే ఈ మనిషిని ప్రధాన కార్యాలయానికి తీసుకుపోతారు. అక్కడి కుర్చీలు కూర్చున్నవాడి నడుముని బట్టి వంగుతాయట. ఆ కబురు విన్నప్పటినుంచీ నా నడుము ఆశగా ఉంది.

ఈ రోజు సంఘటనలు రెండు. గన్నేరు కొమ్మలు కత్తిరిస్తుండగా తోటమాలి గంగరాజు ఎడమ బొటనవేలికి కత్తెరతో పరిచయం అయింది. ఆసుపత్రికి పంపకుండానే నాలుగు కుట్లు వేయించాను. మందార పొదలో పల్లాలమ్మగారిని కందిరీగలు పలకరించాయి, ఏడుసార్లు. పరిచయాలూ పలకరింపులూ ప్రమాదాల కిందికి రావు. పోయిన నెల నూకరత్నం తడి మెట్ల మీద జారి పడినప్పుడు "నేలను సమీపించెను" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రాయడం తెలియాలి, అంతే.

మధ్యాహ్నం కొత్త తొడుగులు వచ్చాయి. మా నీడపేటలో జనమంతా ఊరంత పందిళ్ల కింద బతుకుతారు. బయటికొస్తే అప్పడంలా వేగిపోతారు. మొక్కలకేమో ఎండ కావాలి. అందుకని తోటలు పందిరి అవతల ఉంటాయి, తోటమాలులు చల్లని తొడుగుల లోపల ఉంటారు. పాత తొడుగులకి ఒళ్లు చల్లబరచడం తప్ప ఇంకేమీ తెలియదు. ఇవి తెలివైనవట. మనిషి పడిపోతున్నాడని తోస్తే చెక్కలా బిగుసుకుని ఎముకలు కాపాడతాయట. తెచ్చిన ఇంజనీరు ముందుగా నాకొకటి తొడిగి, ఏడు రోజులు దాంతోనే మామూలుగా తిరగమన్నాడు. "మీరే ఆదర్శ దేహం సార్" అన్నాడు. నలభై తొమ్మిదేళ్లలో నా దేహాన్ని ఆ మాట ఎవరూ అనలేదు. మిగతా కాగితాలు చదవకుండానే సంతకం పెట్టేశాను.

క్షేమ దినం 978

పద్నాలుగు మంది తోటమాలులకీ తొడుగులు పంచాను. వాటి అసలు పేరు పలకడం ఎవరివల్లా కాలేదు. వేసుకున్న అయిదు నిమిషాలకే అందరూ "బొంత" అనేశారు. ఆ పేరే స్థిరపడింది.

నందివర్ధనాల మడిలో తుంగ లేచింది. పెద్దమాలి పల్లాలమ్మగారు ముందు నడిచారు. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు, అందులో ముప్ఫై నాలుగు ఈ తోటలోనే గడిచాయి. తుంగని గడ్డతో సహా, తెగకుండా పీకగల చెయ్యి ఈ ఊళ్లో ఆవిడది ఒక్కటే. ఆవిడ గొంతుక్కూర్చున్నారు. ఆవిడ వెనకే మిగతా పదమూడు మందీ వరసగా గొంతుక్కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే బిగుసుకుపోయారు. వినాయక చవితికి ముందు బజార్లో పెట్టిన మట్టిబొమ్మల్లా ఉన్నారు.

"మీరు పడిపోయారు. కంగారు పడకండి. మీ భద్రతాధికారి వస్తున్నారు" అని పద్నాలుగు బొంతలూ ఒకదాని వెనక ఒకటి తియ్యగా చెప్పాయి.

బొంత బిగువు సడలాలంటే నా బొటనవేలి ముద్ర ఒక్కటే మార్గం. పరిగెత్తాను.

"సారండీ, నా ముక్కు మీద ఈగ వాలిందండి. వేలు తర్వాత పెడుదురుగాని, ముందు దాన్ని తోలండి" అన్నాడు గంగరాజు.

పల్లాలమ్మగారు మాత్రం బిగుసుకున్న చోటినుంచే ఆరా తీశారు. "పడిపోడవేంటండి బాబూ? కూచున్నానండి. కూచోడానికీ పడిపోడానికీ తేడా తెలీదా అండి దీనికి?"

"కొత్తది కదండీ. నిదానంగా నేర్చుకుంటుంది" అన్నాను.

ప్రతి బిగింపూ ఆ మనిషి పని కార్డు మీద "పడబోయి కాపాడబడెను" అని దానంతటదే ఎక్కుతుంది. బోర్డు మీదికి మాత్రం రాదు, నిజంగా ఎవరూ పడలేదు గనక. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

క్షేమ దినం 981

బొటనవేలు వాచింది. నిన్న ఒక్కరోజే మూడువందల పైచిలుకు ముద్రలు వేశాను.

గొంతుక్కూర్చోకుండా కలుపు తీసే మార్గాలన్నీ చూశాం. నిలబడి వంగి తీశారు. తుంగ పైన తెగింది, గడ్డ లోపల ఉండిపోయింది. ఒకటున్న చోట పది లేస్తాయని పల్లాలమ్మగారు తల పట్టుకున్నారు. పీటలు వేసి కూర్చోబెట్టాను. నడుము మోకాలి కిందికి దిగిందంటే చాలు, బొంతకి అది పతనమే. పొడుగు కర్ర తగిలించిన దోకుడుపార ఇస్తే నూకరత్నం తుంగతోపాటు మూడు నందివర్ధనాలు కూడా లేపేసింది.

వీటికి తోడు బొంతలకి వింత చేష్టలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండున్నరకి అన్నీ సరిగ్గా అరగంట సేపు కదలకుండా ఆగిపోతున్నాయి. లోపలున్నవాళ్లు నిలబడే కునుకు తీస్తున్నారు. మెట్లు ఎక్కేటప్పుడు ప్రతి బొంతా కుడిచేతిని తీసుకెళ్లి నడుం మీద పెడుతోంది. మూడో గేటు దగ్గర కుక్క కనిపిస్తే పద్నాలుగు మందీ ఒక్కసారిగా మూడడుగులు వెనక్కి వేస్తున్నారు. ఆ కుక్కకి పళ్లు ఊడి ఏళ్లయింది. తయారీలో లోపం ఉందని కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాశాను.

క్షేమ దినం 986

జవాబు వచ్చింది. తొడుగుల్లో లోపం లేదట. మనుషుల్లోనే ఉందట.

ఎనిమిది రోజుల్లో పల్లాలమ్మగారి కార్డు మీద 312 పతనాలు ఎక్కాయి. అందరిలోకీ ఎక్కువ ఆవిడవే, అందరికంటే ఎక్కువ పని చేసేది ఆవిడే కాబట్టి. కార్మిక భద్రతా శాఖ ఆవిడని "పడే స్వభావం గల వ్యక్తి" అని ముద్ర వేసింది. నా వెయ్యో రోజున తనిఖీ అధికారిణి వచ్చి ఆవిడ ఆరుబయట పని కార్డుకి చిల్లు కొడతారు. మర్నాటినుంచి ఆవిడ పందిళ్ల కింద పూలతుడుపు విభాగంలో చేరాలి. అంటే దుకాణాల్లో ఉండే ప్లాస్టిక్ పూల మీద దుమ్ము దులపాలి.

ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆవిడ చేతిలో ఉన్న మట్టిని నలుపుతూ నిలబడ్డారు.

"తుడవడానికి నాకేం నామోషీ లేదండి" అన్నారు చివరికి. "కానండీ, అది నిన్న ఎలా ఉందో రేపూ అలాగే ఉంటది. పదిహేను రోజుల కిందట ఎర్ర మందారానికి తెల్ల మందారం అంటు కట్టేనండి. అది పట్టిందో లేదో చూసుకోకుండా ఎలా పోనండి?"

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకు భయం వేసింది. కందిరీగలు కుట్టిన రోజు కూడా ఆవిడ కంట తడి పెట్టలేదు.

క్షేమ దినం 987

ఉదయం మెట్ల దగ్గర గంగరాజు నన్నూ, తన బొంతనీ మార్చి మార్చి చూశాడు.

"సారండీ, ఒక మాట చెప్తాను. కోపగించుకోకండే. ఈ బొంతలు అచ్చం మీలాగే ఉన్నాయండి."

"నాలాగా?"

"ఆయ్. మెట్లెక్కితే నడుం మీద చెయ్యండి. భోజనం అయ్యేక కునుకండి. కుక్కని చూస్తే మూడడుగులు వెనక్కండి. మా ఆడంగులు మొన్నటినుంచీ నవ్వుకుంటన్నారండి. మీకే తెలీలేదు."

వెళ్లి సంతకం పెట్టిన కాగితాలు తీశాను. నలభై ఒకటో పేజీలో ఉంది: "ఆదర్శ దేహము ఏడు దినములలో చేసిన పనులను తొడుగులు అనుసరించును. చేయని భంగిమను పతనముగా పరిగణించును."

ఆ ఏడు రోజుల్లో నేను ఒక్కసారి కూడా గొంతుక్కూర్చోలేదు. ఏడు రోజులేమిటి, పాతికేళ్లుగా కూర్చోలేదు. బల్ల మీద తింటాను. గోడకి ఆనుకుని చెప్పులు వేసుకుంటాను. పెన్ను కింద పడితే మా ఆవిడని పిలుస్తాను. ముప్ఫై నాలుగేళ్ల పనిమంతురాలి మీద వాచిన వేలితో రోజూ నేను వేసిన ముద్రలన్నీ నా బద్ధకం ముద్రలే.

నలభై రెండో పేజీలో విరుగుడు ఉంది. సర్టిఫికెట్టు గల భద్రతాధికారి మాత్రమే ఆదర్శ దేహము కాదగును. అతడు తొడుగు ధరించి, ఆధారము లేక, పని చేయుచు ఒక గంటసేపు ఆ భంగిమలో ఉన్నచో అది క్షేమమైనదిగా నమోదగును. పాత పతనములు కొట్టివేయబడును. నేర్పు వేళ తొడుగు బిగుసుకొనదు. అధికారి పడినచో ప్రమాదముగా స్వయముగా వ్రాసికొనవలెను.

నిజం రాస్తాను. కాగితాలు మళ్లీ సొరుగులో పెట్టేద్దామనిపించింది. పదమూడు రోజులు నోరు మూసుకుంటే చాలు, నేను చల్లని గదిలో ఉంటాను. నలభై ఒకటో పేజీ దాకా ఎవరూ చదవరు. సొరుగు తెరిచాను కూడా. అప్పుడే కిటికీలోంచి మందారం దగ్గర పల్లాలమ్మగారు కనిపించారు. అంటు కట్టిన చోట గుడ్డపీలిక సర్దడానికి వంగుతూ, కూర్చుంటే బిగుసుకుపోతానని భయపడి, మళ్లీ నిలబడుతున్నారు.

వెళ్లి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"అయితే మీ నడుం నొప్పి మా పద్నాలుగు మందికీ అంటించేరన్నమాట" అన్నారు. "రేపు అయిదింటికి రండి. ఎండెక్కదు గనక బొంత లేకుండా రండి."

క్షేమ దినం 988

మొదటి పాఠం. "మడమలు నేలకి ఆనించండి."

"ఆనడం లేదండీ."

"ఆన్తాయండి. మడమలే కదా, మేకులు కాదు గదా."

ఆనలేదు. ఆవిడ రెండు ఇటుక ముక్కలు తెచ్చి మడమల కింద పెట్టారు. ఇటుకల మీద రెండు నిమిషాలు కూర్చుని వెనక్కి వెళ్లిపోయాను, సరాసరి వానపాముల ఎరువులోకి. అది ఇంత మెత్తగా ఉంటుందని తెలియదు.

"పడ్డారా?" అన్నారు పల్లాలమ్మగారు.

"నేలను సమీపించాను" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చెయ్యి ఇచ్చి లేపుతూ, "పడ్డానని చెప్పుకుంటే సగం నొప్పి అక్కడే పోద్దండి" అన్నారు.

క్షేమ దినం 993

ఒక ఇటుక తీసేశారు. పదకొండు నిమిషాలు. ఇంట్లో కూడా సాధన చేస్తున్నాను. వంటింట్లో గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే మా ఆవిడ గుమ్మంలో ఆగి, "ఏం తప్పు చేశారు?" అని అడిగింది.

క్షేమ దినం 998

మడమలు ఆనాయి! ఇటుకలు లేవు. బొంత వేసుకుని, నేర్పు మీట నొక్కి మొదటిసారి ప్రయత్నించాను. ఇరవై రెండో నిమిషానికి కంచె పట్టుకోవలసి వచ్చింది. ఆధారం తగిలితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సాయంత్రం ఇంకోసారి కూర్చున్నాను. నలభై ఒక్క నిమిషాల తర్వాత పల్లాలమ్మగారి భుజం పట్టుకుని లేచాను. ఇక మిగిలింది తనిఖీ రోజు ఒక్కటే.

గంగరాజు ఓదార్చాడు. "మరేం పర్లేదండి. రేపు గంట కూర్చోలేకపోతే మేవంతా కలిసి ప్లాస్టిక్ పూలకి నీళ్లు పోస్తావండి."

క్షేమ దినం 999

ఈ సాయంత్రం ఆరింటికి వెయ్యి నిండుతుంది. మేనేజరు ఆదిశేషుగారు పెద్ద దండతో, పూతరేకుల పెట్టెతో తొమ్మిదింటికే దిగారు. తనిఖీ అధికారిణి హైమవతిగారు చిల్లు కొట్టే మిషనుతో వచ్చారు. పల్లాలమ్మగారి కార్డు అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. 684 పతనాలు.

నలభై రెండో పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"నిబంధన ఉంది. కానివ్వండి. కార్డుకి గంట గడువిస్తాను" అన్నారు.

ఆదిశేషుగారు నన్ను పక్కకి లాగారు. "ఎందుకు మీకీ తద్దినం? సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోండి, రేపు మీరు ప్రధాన కార్యాలయం. పొరపాటున పడ్డారో, వెయ్యీ పోతుంది, దండా పోతుంది."

నాకు తెలియనిదేముంది? ఆ దండలో మా తోట కనకాంబరాలే ఉన్నాయి. అయినా వెళ్లి నందివర్ధనాల మడిలో గొంతుక్కూర్చున్నాను. పల్లాలమ్మగారు నా పక్కనే నిలబడ్డారు, కూర్చుంటే బిగుసుకుపోతారు గనక.

మొదటి పావుగంట హాయిగా గడిచింది. ఒక తుంగ పీకాను, గడ్డతో సహా వచ్చింది. ఎత్తి చూపించాను. "ఒకటయ్యిందండి, తర్వాతది చూడండి" అన్నారు పల్లాలమ్మగారు. అరగంటకి కుడికాలు నాది కాకుండా పోయింది. నలభై నిమిషాలకి ఎడమది కూడా వెళ్లిపోయింది. నలభై ఎనిమిదో నిమిషంలో ఒక గండుచీమ మెడ దగ్గర బొంతలోకి దూరింది. అది ఎక్కడెక్కడికి వెళ్లిందో ఇక్కడ రాయను. గంగరాజు పాట అందుకున్నాడు, పాట నాకు ఆసరా అవుతుందేమోనని హైమవతిగారు మాన్పించారు. యాభై అయిదు. నా చెంపల మీద కారుతున్నది చెమటే అని అందరికీ చెప్పాను. ఎవరూ అడగలేదు.

"కంచె వైపు చూడకండి. చేతి వైపు చూడండి. చెయ్యి పని చేస్తే కాలు ఆగుద్దండి" అన్నారు పల్లాలమ్మగారు. చేతి వైపే చూశాను.

బొంత గంట కొట్టింది. "కొత్త భంగిమ నమోదైంది. ఇది క్షేమమైనది" అంది.

పల్లాలమ్మగారు నెమ్మదిగా, నేలని నమ్మలేనట్టు, నా పక్కన గొంతుక్కూర్చున్నారు. బొంత ఊరుకుంది. ఆవిడ తుంగ మొదట్లో వేలు పెట్టి గడ్డతో సహా లాగారు. బొంత ఊరుకుంది. వెనకాల పదమూడు మందీ దబదబా కూర్చుని ఈలలు వేశారు. కార్డు మీద 684 చెరిగిపోయి సున్నా పడింది. హైమవతిగారు చిల్లు కొట్టే మిషను సంచిలో పెట్టేసుకున్నారు. నాకు గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా.

దండ వేయించుకోవడానికి లేచాను. అక్కడే తెలిసింది. పదకొండు రోజులుగా కూర్చోవడమే నేర్చుకున్నాను, లేవడం నేర్చుకోలేదు. లేచిన ప్రతిసారీ కంచో, ఆవిడ భుజమో, చెయ్యో పట్టుకునే లేచాను. లేవడం కూడా నేర్పాలని ఆవిడకి తోచలేదు, అది రానివాళ్లు ఉంటారని ఆవిడ ఎరగరు. నా కాళ్లు రెండూ ఇంకా తిరిగి రాలేదు. నేర్పు మీట ఇంకా వేసే ఉంది గనక బొంత బిగుసుకోలేదు. నీళ్ల డబ్బా మీదుగా, మందార పొదని తప్పించుకుని, మొహం ఆనేలా ఎరువు గుంటలో పడ్డాను. చీలమండ తిరిగింది.

అందరికన్నా ముందు ఆదిశేషుగారు వచ్చారు. "జారారు, అంతే. జారడం వేరు, పడడం వేరు. 'ఎరువు నాణ్యతను దగ్గరగా పరిశీలించెను' అని రాసెయ్యండి. మీకు చెప్పాలా రాయడం!"

హైమవతిగారి వైపు చూశాను. ఆవిడ మందారాన్ని చూస్తున్నారు. "మీరు రాసిందే నేను చదువుతాను. చూసిందంతా రాయడం నా పని కాదు" అన్నారు.

పల్లాలమ్మగారు నా కాలికి తడిగుడ్డ చుట్టారు.

ప్రమాదం లేని రోజులు: 0

పడ్డాను.

రాసి చూసుకున్నాను. చాలా చిన్న మాట. సగం నొప్పి పోలేదు గానీ, కొంత పోయింది. బోర్డు మీద అంకె మార్చడానికి కుర్చీతో సహా నన్ను గంగరాజు ఎత్తి పట్టుకున్నాడు. ఆదిశేషుగారు దండ తీసుకుని వెళ్లిపోయారు. పూతరేకులు మాత్రం అప్పటికే మా వాళ్లు తినేశారు.

ఆ తర్వాత పుస్తకం మొదటికి తిప్పాను. ఎర్ర సిరాతో దిద్దుకుంటూ వచ్చాను. నూకరత్నం నేలను సమీపించలేదు, తడి మెట్ల మీద పడింది. తడి ఉన్నందుకు తప్పు నాది. గంగరాజు వేలు కత్తెరకి పరిచయం కాలేదు, తెగింది. కత్తెర పాతది, మార్చమని వాడు రెండుసార్లు అడిగాడు. అలా నలభై మూడు ప్రమాదాలు లెక్క తేలాయి. వెయ్యి రోజులు నేను కాపాడింది బోర్డునే.

సాయంత్రం పల్లాలమ్మగారు వచ్చారు. మందారం అంటు పట్టిందట, చిగురు కనిపించిందట. ఆ మాట మూడుసార్లు చెప్పారు. నా బల్ల పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, నేను చదువుతుంటే దిద్దినవన్నీ విన్నారు. 971వ రోజు దగ్గర నన్ను ఆపారు.

"నన్ను కందిరీగలు కుట్టింది ఏడు కాదండి, తొమ్మిది."

"మరి ఏడని చెప్పారు?"

"తొమ్మిదంటే ఆసుపత్రికి పంపుతారు, మీ అంకె పోద్ది. పాపం, రోజూ పొద్దున్నే వచ్చి ఎంతో మురిపెంగా మార్చుకుంటారు గదా అని రెండు తగ్గించేనండి."

ఏడు కొట్టేసి తొమ్మిది అని రాశాను.